పెరటితోటలో చాపకోర పెంపకము

కార్వేటినగరము ప్రాంతపు రైతుల కొఱకు

1. ఉద్దేశము

తుంగ యను మాట వినినంతనే రైతు పారను చేతబట్టుట సహజము. చెఱకుతోటలోనైనను, వేరుశనగచేనిలోనైనను, మామిడిమొక్కల పాదులలోనైనను తుంగ యొకసారి చేరెనేని దానిని నిర్మూలించుట యెంత కష్టమో రైతులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. అయినను తుంగజాతి మొక్కలన్నియు నొక్కటి కావు. చెఱువుల తోకలయందును, కాలువల చివరలయందును, ఊటనేలలయందును మనిషి నడుమువఱకు, ఒక్కొక్కచో భుజమువఱకు పెరిగి, చాపలు నేయుట కుపయోగపడు జాతి యొకటి కలదు. దానిని మన సీమలో కోర యనియు, కోరగడ్డి యనియు పిలుతురు. ఇరుగుపొరుగు తమిళులు కోరై యందురు. కలుపుతుంగనుండి వేఱుపఱచుటకై యీ కరపత్రమునందు దీనిని చాపకోర యని వ్రాయుచున్నాము.

చాపకోర పెరటిలో పెంచదగిన మొక్కయే. స్నానపునీరు, పశువుల తొట్టినీరు, బోరుబావివద్ద చిందు నీరు పడి బురదయై దోమల కాలవాలమైన మూల ప్రతి రైతు దొడ్డిలోను ఒకటి యుండును. ఆ మూలను ఆకుపచ్చగ మార్చి, యేటేట కొంత చాపగడ్డి నిచ్చు శక్తి దీనికి కలదు. కాని రైతులు రెండు విషయములు మఱువరాదు. మొదటిది: తనకు వ్యర్థముగ పోవు నీరెంతయో కొలిచి చూడక దీనిని నాటరాదు. రెండవది: నాటిన పిమ్మట దీనిని హద్దు దాటనీయరాదు. ఈ రెండును పాటింపని రైతునకు లాభమునకు మాఱు నష్టము కలుగును. కావున మొక్క గుణములకంటెను ఈ రెండు జాగ్రత్తలనే యిచట విస్తరించి చెప్పుచున్నాము.

2. మొక్క స్వరూపము

చాపకోర చూచుటకు గడ్డివలె నున్నను గడ్డి కాదు. వరి, జొన్న, రెల్లు, వట్టివేరు మొదలగునవి గడ్డికుటుంబమునకు చెందినవి. తుంగలు వేఱు కుటుంబము. రెంటికిని గల భేదమును చేతితోనే తెలిసికొనవచ్చును. గడ్డి కాడ గుండ్రముగ నుండి నడుమ నడుమ కణుపులు కలిగియుండును. పెక్కింటి కాడ లోపల డొల్లగ నుండును. తుంగ కాడను వ్రేళ్ళ నడుమ నుంచి త్రిప్పిన మూడు అంచులు తగులును; కణుపు లుండవు; కోసి చూచిన లోపల తెల్లని మెత్తని బెండు నిండియుండును. గడ్డిఆకులు కాడకు రెండు వరుసలుగ నుండగా తుంగఆకులు మూడు వరుసలుగ నుండును.

చాపకోర కాడ మూడు మొదలు ఐదు అడుగుల యెత్తు పెరుగును. అడుగుభాగమున నించుక గుండ్రముగను, పైకి పోయినకొలది మూడు అంచులు స్పష్టముగను కనబడును. కాడపై ఆకు లుండవనియే చెప్పవచ్చును; మొదట మాత్రము పొరలవంటి తొడుగులును, పొట్టి ఆకులును ఉండును. కొనయందు గొడుగు కమ్మలవలె కొన్ని ఆకులు విచ్చుకొని, వాని నడుమ గోధుమవన్నె కంకులు పుట్టును. నేలలో బలిసిన దుంపవేరు ప్రాకుచు దానినుండి క్రొత్త పిలకలు లేచుచుండును. కణుపులు లేని పొడవైన కాడ యగుటచేతనే యిది చాపకు తగినది. మొదటినుండి చివరవఱకు విఱుగక యొకే చీలికగ చీలును.

డెన్మార్కు దేశపు పండితుడు రాట్‌బొల్ 1773లో ఈ మొక్కను వర్ణించి సైపరస్ పాంగొరై యని పేరిడెను. ఆ పేరులో మన కోర శబ్దమే వినబడుచున్నది. అటుపిమ్మట సామర్లకోటలో కుంఫిణీవారి తోటను నిర్వహించి, 1793లో కలకత్తా తోటకు వెడలిన విలియం రాక్స్‌బరో దీనికి సైపరస్ టెజిటం అని పేరుంచెను. లాటిను భాషలో ఆ మాటకు చాపలకు సంబంధించినదని యర్థము. అనగా నిన్నూఱేండ్లకు పూర్వమే దీని ముఖ్యోపయోగము చాపయే యని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఐగుప్తుదేశమున పూర్వులు వ్రాతకు వాడిన పాపిరస్ కూడ ఈ సైపరస్ కుదురులోనిదే.

3. కలుపుతుంగకును చాపకోరకును భేదము

పొరపాటున ఒకదానికి బదులొకటి నాటిన తోట చెడును. కావున ఈ గుర్తులను మనసున నుంచుకొనవలెను.

కలుపుతుంగ సాధారణముగ జానెడు మొదలు మూరెడు మాత్రమే పెరుగును. మొదటివద్ద సన్నని ఆకులు గుబురుగ నుండును. కంకి ఎఱుపు కలిసిన గోధుమవన్నె. త్రవ్వి చూచిన నల్లని చిన్నగడ్డలు దారమున గ్రుచ్చిన పూసలవలె వరుసగ నుండి, నలిపిన సువాసన నిచ్చును. ఇవియే వైద్యమునకును సుగంధద్రవ్యములకును వాడు తుంగముస్తెలు. పైమొక్కను పెఱికినప్పుడు ఈ గడ్డల గొలుసు తెగి, నేలలో మిగిలిన ప్రతి గడ్డయు మరల మొలచును. పెఱికినకొలది పెరిగినట్లుండుటకు కారణ మిదియే.

చాపకోర పొడవైనది, కాడపై ఆకు లుండవు, నేలలో పూసలవంటి గడ్డల గొలుసు ఉండదు. దుంపవేరు తల్లిమొక్కనుండి కొంచెము కొంచెముగ ప్రాకును. పదునులేని మెట్టనేలలో నిది నిలువజాలదు. కలుపుతుంగయో మెట్టనేలలోను, పల్లపునేలలోను, ఎండలోను, వానలోను బ్రదుకును.

జమ్ము వేఱు మొక్క. దాని ఆకు కత్తివలె బల్లపరుపుగ నుండి, కొనయందు క్రొవ్వొత్తి యాకారముగల కంకి యుండును. అది చాపకోరకంటె మిక్కిలి వేగముగ వ్యాపించి చిన్నకుంటలను పూడ్చివేయును. పెరటిలో దానిని నాటరాదు.

4. స్థలనిర్ణయము

చాపకోరకు కావలసినవి రెండు: నిండుఎండ, తడియాఱని నేల. చెట్లనీడలో పెరిగిన కాడలు సన్నగిలి, మెత్తబడి, పడిపోవును. కావున దట్టమైన మామిడిచెట్ల క్రింద దీనిని నాటుట వ్యర్థము. బంకమన్నును ఒండ్రుమన్నును మంచివి. ఇసుకనేలలో నీరు నిలువదు.

మన ప్రాంతమున దీనికి తగిన తావులు నాలుగు.

మొదటిది, ఇంటి స్నానపునీరు పాఱు మూల. బట్టలసోడా నీటిని మాత్రము ఇందులోనికి విడువరాదు. ఏండ్లతరబడి విడిచిన నేల చౌడెక్కును.

రెండవది, పశువుల తొట్టి దిగువభాగము. తొట్టి కడిగిన నీటిలో ఎరువుసారము కూడ నుండుటచే మొక్క బలిష్ఠముగ పెరుగును.

మూడవది, చెఱువు దిగువ ఊటనేల. ఇచట మిగుల జాగ్రత్త కావలెను. చెఱువుకట్ట పాదమున నూరు నీరు తేటగ నున్నచో సాధారణమైన ఊటయే. నీరు మట్టిరంగుగ నున్నను, నానాటికి ప్రవాహము హెచ్చుచున్నను కట్టలోపలి మన్ను కొట్టుకొనిపోవుచున్నదని గ్రహింపవలెను. అది గండికి దారి. అట్టిచోట మొక్క నాటుట కాదు చేయవలసినది, వెంటనే నీటిపారుదల యధికారులకు తెలుపవలెను. ఊట తేటగ నున్నను కట్ట పాదమును విడిచి నాలుగైదు బారల యెడముగ నాటవలెను. కట్టమీదను, కట్ట పాదమునందును గుబురుమొక్క లుండిన ఊటలో కలిగిన మార్పు కంటికి కనబడదు. ఒక కోరమడి కొఱకు ఊరి చెఱువును అపాయమున పెట్టరాదు.

నాలుగవది, తొట్టి. స్థలము లేనివారు రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతుగల సిమెంటుతొట్టిలో బంకమన్ను నింపి నాలుగు పిలకలు నాటవచ్చును. అలంకారమునకును, విత్తనపు నారు నిలుపుకొనుటకును ఇది చాలును.

చెఱకునకో వరికో పాఱవలసిన నీటిని దీనికి మరలించుట యెన్నడును కూడదు. మన సీమలో బోర్లు వందల అడుగుల లోతునకు దిగినను నీరు చాలక మామిడితోటలు ఎండిన యేండ్లు రైతు లెఱిగినవే. అట్టిచోట చాపగడ్డి కొఱకు మోటారు వేయుట ధర్మము కాదు, లాభమును కాదు.

5. నీటిలెక్క

ఇదియే యీ కరపత్రమున ముఖ్యభాగము.

క్రొత్తగ ప్రారంభించు రైతు అరసెంటు నేలకు మించి నాటరాదు. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుగల మడి ఇంచుమించు అరసెంటగును. ఆ మడిపై ఒక అంగుళము నీరు నిలుపుటకు 18 ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 510 లీటర్లు కావలెను. ఎండకాలమున నేలనుండియు మొక్కనుండియు దినమునకు సుమారు మూడవవంతు అంగుళము నీరు ఆవిరియగునని యెంచుకొనవచ్చును. కావున చైత్ర వైశాఖములలో ఈ చిన్నమడికే దినమునకు 170 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలతో పదునొకండు పండ్రెండు బిందెల నీరు చేరవలెను. నేలలోనికి ఇంకిపోవు నీరు దీనికి అదనము. సంపూర్ణముగ ఒక సెంటు నాటినచో లెక్క యిబ్బడి యగును.

మీ యింట వ్యర్థమగు నీరెంతయో తెలిసికొను మార్గము సులభము. మోరీ చివర ఒక బక్కెట్టు నుంచి, ఉదయమునుండి సాయంకాలమువఱకు ఎన్నిమార్లు నిండునో మూడు దినములు లెక్కింపుడు. మూడు దినముల సగటే మీ ఆదాయము. ఈ లెక్కను వానకాలమున చేయరాదు, వేసవిలోనే చేయవలెను. కార్తికమాసములో నీరు సమృద్ధిగ నున్నదని మడిని పెంచి, వైశాఖములో దానిని ఎండబెట్టుట తెలివి కాదు. సగటు 100 లీటర్లైనచో మడిని 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పునకు తగ్గించుకొనుడు. 40 లీటర్లైనచో తొట్టితో తృప్తిపడుడు.

నేల ఇంకును పరీక్షింపవలెను. అడుగు లోతు గుంట త్రవ్వి ముందొకసారి నీటితో నింపి ఇంకనిండు. మరల సాయంకాలమున నిండుగ పోసి తెల్లవాఱి చూడుడు. సగమైనను నిలిచియున్నచో నేల తగినది. పూర్తిగ నింకిపోయిన ఆ తావు విడువవలెను. లేదా మడి అడుగున నాలుగంగుళముల బంకమన్ను పఱచి త్రొక్కవలెను.

6. మడి తయారు చేయుట, హద్దు కట్టుట

మడిలోని మన్నును అడుగు లోతు త్రవ్వి, కలుపుతుంగ గడ్డలను జల్లెడపట్టినట్లు ఏఱివేయవలెను. ఒక్క గడ్డ మిగిలినను తరువాత చాపకోర నడుమ దానిని గుర్తించి తీయుట దుర్లభము. ఏఱిన గడ్డలను దిబ్బపై వేయరాదు, ఎండబెట్టి కాల్చవలెను.

మడిచుట్టు ఒకటిన్నర అడుగు లోతున సన్నని కందకము త్రవ్వి, అందు బండపలకలనైనను, ఇటుకలనైనను నిలువుగ పేర్చి, సందులను సున్నముతోగాని సిమెంటుతోగాని పూడ్పవలెను. ఈ గోడ నేలపైకి నాలుగంగుళములు లేచియుండవలెను. దుంపవేరు నేలపైపొరలోనే ప్రాకును గనుక ఈ లోతు చాలును. ఖర్చునకు వెనుదీసి మన్నుగట్టు మాత్రమే వేసినవారు, ఏటికి రెండుమార్లు గట్టు వెలుపల పారతో త్రవ్వి, దాటివచ్చిన వేరులను కోయుటకు సిద్ధపడవలెను. మడి యొకమూల నీరు తీయుటకు చిన్న తూము ఉంచుట మఱువరాదు.

పిమ్మట నాలుగైదు గంపల బాగుగ చివికిన దిబ్బఎరువును మన్నులో కలిపి, నీరు పెట్టి, వరిమడివలె బురద చేసి చదును చేయవలెను.

7. నారు సేకరించుట

చాపకోరను గింజనుండికాక పిలకలనుండియే పెంచుట మేలు. దుంపవేరును రెండుమూడు పిలకలు ఉండునట్లు ముక్కలుగ కోసి నాటవలెను.

నారును పెంపకముచేయువారినుండి కొనుట ఉత్తమము. చెఱువు తోకనుండియో, కుశస్థలి యేటి యొడ్డు పల్లములనుండియో తీయదలచినవారు కొన్ని నియమములు పాటింపవలెను. జమీందారీలకాలమున చెఱువు గడ్డి విషయమై ఎవరి వాడుక యెట్లున్నను, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము పిమ్మట చెఱువు పుఱంబోకు భూములు ప్రభుత్వమువారివి. కావున గ్రామపంచాయతి యనుమతి పొందవలెను. ఒక కుదురునుండి మూడవవంతునకు మించి త్రవ్వరాదు. త్రవ్విన గుంటను పూడ్చి త్రొక్కవలెను. గుడి కోనేళ్ళ యొడ్డునను, చెఱువుకట్ట పాదమునను త్రవ్వరాదు.

ఈ నియమమునకు కారణము కలదు. చెఱువు తోకయందలి కోర, తుంగ, గడ్డి మొక్కలు వరదనీటి వేగమును తగ్గించి, మన్నును అచటనే పట్టి, చెఱువు నడుమ పూడకుండ చేయును. నీటిపక్షులు వానిలో గూళ్ళు కట్టును. చేపపిల్లలకు మఱుగు దొరకును. ఇది మన నేలకు స్వతస్సిద్ధమైన మొక్క. తోటలో పెంచుట పేర చెఱువులో దానిని నాశము చేసినచో, ఒకచోట పెంచి పదిచోట్ల చంపినట్లగును.

తెచ్చిన నారును నాటుటకు ముందు నీటిలో కడిగి, ప్రతి ముక్కను కంటితో పరీక్షింపవలెను. పూసలవంటి నల్లగడ్డ తగిలియున్న ముక్కను పాఱవేయవలెను.

8. నాటుట

ఆషాఢ శ్రావణములు నాటుటకు అనుకూలము. ఎండతీవ్రత తగ్గి, ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యఋతుపవనముల వానలు వచ్చునాటికి మొక్క వేరు నిలుపుకొనును. వేసవిలో నాటిన నారు నీరెంత పెట్టినను వాడును.

పిలకల కొనలను జానెడు మాత్రము విడిచి కోసివేయవలెను. లేనిచో గాలికి ఊగి వేరు పట్టదు. వరుసకు వరుసకు ఒక అడుగు, వరుసలో మొక్కకు మొక్కకు తొమ్మిదంగుళముల యెడముంచి, రెండంగుళముల లోతున దుంపను పండవెట్టి, పిలక నిటారుగ నిలుచునట్లు నాటవలెను. పైన చెప్పిన 18 అడుగుల మడికి సుమారు 290 ముక్కలు పట్టును. నాటినప్పుడు బురద మాత్రమే యుండవలెను. నీరు లోతుగ నిలిచిన లేతపిలక క్రుళ్ళును.

9. పెంపకము

నీరు: మొదటి నెల నేల తడిగ నుంచిన చాలును. పిలకలు జానెడు పెరిగిన పిమ్మట ఒకటి రెండంగుళముల నీరు నిలుపవచ్చును. కాని పెరటిలో నీరు ఎడతెగక నిలిచిన దోమలు పెరుగును. దోమగ్రుడ్డు పురుగై రెక్కలు వచ్చి యెగురుటకు ఇంచుమించు వారము పది దినములు పట్టును. కావున వారమున కొకదినము తూము తెఱచి, మడిలో నిలిచిన నీటిని పూర్తిగ తీసి, బురద పైపొర ఆఱునట్లు చేయవలెను. ఒకదిన మాఱినందున చాపకోరకు హాని లేదు. ఈ నియమము పాటింప వీలులేనివారు నీరు నిలుపక, ఎల్లప్పుడు బురదగ మాత్రమే యుంచుట మేలు.

ఎరువు: ప్రతి కోత పిమ్మట రెండు గంపల చివికిన ఎరువు చల్లిన చాలును. యూరియా అధికముగ వేసిన కాడ త్వరగ పెరుగునుగాని, బెండు హెచ్చి, చెక్కు పలుచనై, మడి పడిపోవును. అట్టి గడ్డితో నేసిన చాప నిలువదు. పశువుల తొట్టినీరు పాఱు మడికి వేఱు ఎరువే యక్కఱలేదు.

కలుపు: మొదటి మూడుమాసములు చేతితో కలుపు తీయవలెను. చాపకోర క్రమ్ముకొనిన పిమ్మట ఇతర కలుపు లేవదు. కలుపుతుంగ కనబడినచో గడ్డతోసహా త్రవ్వవలెను. తుంగను చంపు మందులు చాపకోరనుకూడ చంపును గనుక వానిని వాడరాదు.

కాపుదల: లేతపిలకలను పశువులు త్రొక్కకుండ కంచె వేయవలెను. కాడలు పసుపువన్నె తిరిగిన మొదట నీటికొఱతయో, నీడయో, చౌడో విచారింపవలెను, మందుకొఱకు పరుగిడరాదు. కుదుళ్ళు మిక్కిలి దట్టమై కాడలు సన్నగిలినచో, కొన్ని కుదుళ్ళను త్రవ్వి తీసి, ఖాళీలలో క్రొత్త పిలకలు నాటవలెను. తీసిన దుంపలను కాలువలో పాఱవేయరాదు. దిగువరైతు మడిలో అవి కలుపగును.

10. కోత

మొక్క కుదురుకొని మొదటికోతకు వచ్చుటకు నేలను, నీటిని బట్టి ఎనిమిది మొదలు పండ్రెండు మాసములు పట్టును. ఆత్రపడి లేతకాడను కోయరాదు. తరువాత నేటికి రెండుకోతలు తీయవచ్చును. మన ప్రాంతమున మాఘ ఫాల్గుణములలోని కోత ముఖ్యమైనది. అప్పుడు ఎండ కలదు, వాన లేదు. రెండవకోతను భాద్రపదమున, ఈశాన్యపు వానలకు ముందే ముగింపవలెను.

కొనయందు కంకులు విచ్చి, కాడ ఇంకను పచ్చగ నుండగనే కోయవలెను. పసుపువన్నెకు తిరిగినకాడ పెళుసై చీల్చునప్పుడు విఱుగును. కోతకు మూడు నాలుగు దినముల ముందు నీరు తీసివేసి, పదునైన కొడవలితో నేలకు రెండంగుళముల పైన సమముగ కోయవలెను. ఈడ్చి పెఱికిన దుంపలు కదలి తరువాతి కాపు చెడును. కోసిన కాడలను పొడవునుబట్టి మూడు తరగతులుగ విభజింపవలెను. పొడవుకాడ పరుపుచాపకు, నడిమిది చిన్నచాపకు, పొట్టిది కట్లుకట్టుటకు పనికివచ్చును.

11. చీల్చుట, ఎండబెట్టుట

కోసిన దినమే, పచ్చిగ నుండగనే చీల్చవలెను. సన్నని కత్తితో కాడను మొదటినుండి కొనవఱకు రెండుగనో నాలుగుగనో చీల్చి, లోపలి బెండును గీచివేయవలెను. బెండు మిగిలిన చీలిక చెమ్మను పీల్చి బూజుపట్టును. చీల్చిన గడ్డిని పలుచగ పఱచి మూడు నాలుగు దినములు మంచియెండలో త్రిప్పుచు ఎండబెట్టవలెను. పచ్చదనము పోయి లేతబంగారువన్నె వచ్చును. ఆఱునప్పుడు ఒక్క జల్లు తగిలినను నల్లబడును. రాత్రి మంచునకును ఉంచరాదు. ఎండినదానిని కట్టలుగట్టి పొగయు చెమ్మయు తగులని అటుకపై దాచవలెను.

తిరునల్వేలిజిల్లాలో తామ్రపర్ణి తీరమునందలి పత్తమడై గ్రామమువారు ఈ కోరనే మిక్కిలి సన్నముగ చీల్చి, నీటిలో నానబెట్టి, మరల నెండబెట్టి, పట్టువలె మెత్తనైన చాపలు నేయుదురు. కావేరీ తీరమున ముసిరి, కరూరు ప్రాంతములలో దీనిని పొలములలోనే పైరుగ పెంతురు. వంగదేశమున మేదినీపురపు చాపలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఈ మూడు చోట్లను నేతపని నేర్చిన కుటుంబములును, నది నీరును, పండ్లకొలది యలవాటును కలవు. మనకు లేని వానిని ఉన్నట్లు భావించి వారితో పోటీపడరాదు.

12. ఆదాయవిషయము

ఈ విషయమున రైతును మభ్యపెట్టుట మా యుద్దేశము కాదు. ప్లాస్టికుచాపలు చౌకగ దొరకుటచే కోరచాపల గిరాకి పల్లెలలో తగ్గినది. అరసెంటు మడితో సంసారము గడవదు. ఇంటికి కావలసిన చాపలకు గడ్డి, కూరగాయల కట్లకు నార, దొడ్డిలో బురదమూల శుభ్రపడుట, వేసవిలో కంటికి చలువ: ఇవియే దీని నికరాదాయము. నేర్చినవారు ఇంటిలో నుండినచో నిలువుదారము కొఱకు దూరము పోనక్కఱలేదు. నగరి, పుత్తూరు మగ్గములవద్ద నూలు దొరకును.

అమ్మకము తలపెట్టువారు మొదట కొనువారిని వెదకి, వారికి ఎంత పొడవు, ఎంత సన్నము కావలెనో విచారించి, అటుపిమ్మట మడిని పెంపవలెను. గడ్డి కోసి కొనువానికొఱకు తిరుగుట తలక్రిందులు పని. ఒక చదరపుటడుగులోని కోతకువచ్చిన కాడలను మడి మూడుచోట్ల లెక్కించి సగటు తీసి, మడి చదరపుటడుగులతో గుణించిన మీ దిగుబడి తెలియును. ఈ లెక్కను రెండేండ్లు వ్రాసియుంచినవాడు మాత్రమే రెండవ మడిని గూర్చి ఆలోచింపవలెను.

13. రైతులు సాధారణముగ నడుగు ప్రశ్నలు

వరికయ్య గట్టున నాటవచ్చునా? నాటరాదు. కయ్యలోని తడి దుంపవేరును లోపలికి పిలుచును. మూడేండ్లలో గట్టు బలహీనపడి కయ్య సన్నమగును.

ఒక వేసవి నీరు పూర్తిగ ఎండిన మడి చచ్చునా? పైకాడలు ఎండును. దుంపవేరు కొంతకాలము ఓర్చుకొనును. అట్టియేడు కాడలను కోసివేసి, మడిపై చెత్త కప్పి, వానకొఱకు వేచియుండుడు. మంచినీటిని దానికై మోయవలదు.

దీనిని వలదనుకొన్న తీసివేయ సాధ్యమా? సాధ్యమే. నీరు ఆపి, మడిని వేసవిలో అడుగు లోతు త్రవ్వి, దుంపలను ఎండకు వేసి ఏఱివేయవలెను. హద్దుగోడ యుండినచో ఒకవేసవిలో ముగియును. గోడ లేనిచో ఎన్నియేండ్లు పట్టునో చెప్పలేము.

14. సంగ్రహము

1. మూడంచుల కాడ, కణుపు లేకుండుట, పూసగడ్డలు లేకుండుట చూచి మొక్కను నిర్ధారింపుడు.

2. వేసవిలో మూడుదినములు వ్యర్థజలమును కొలిచి, అరసెంటునకు దినమునకు 170 లీటర్ల చొప్పున మడిని నిర్ణయింపుడు.

3. ఒకటిన్నర అడుగు లోతు హద్దుగోడ లేక నాటవలదు.

4. చెఱువునుండి నారు తీయునప్పుడు అనుమతి పొంది, మూడవవంతునకు మించి తీయవలదు. కట్టపాదమును తాకవలదు, మట్టిరంగు ఊట కనబడిన వెంటనే అధికారులకు తెలుపుడు.

5. ఆషాఢ శ్రావణములలో నాటుడు. వారమున కొకదినము నీరు తీయుడు.

6. పచ్చిగ నుండగనే కోసి, ఆ దినమే చీల్చి, ఎండలోనే ఆఱబెట్టుడు.

పైన చెప్పిన పనులలో కఠినమైనది ఏదియు లేదు. బక్కెట్టుతో నీరు కొలుచుట చిన్నపనిగ తోచవచ్చును. కాని నీరు తక్కువైన యీ సీమలో రైతు మొదట నేర్వవలసిన లెక్క యదియే. ఆ లెక్క తెలిసినవానికి చాపకోర మాత్రమేకాదు, ఏ మొక్కయైనను మాట వినును. మొక్కను గుర్తించుటలో సందేహము కలిగినవారు కంకి, కాడ, దుంపవేరులతోగూడిన యొక కుదురును తడిగుడ్డలో చుట్టి సమీప వ్యవసాయాధికారికి చూపి, నిశ్చయము చేసికొనిన పిదపనే నాటవలెను.